లైనక్స్ మళ్లీ వేశాక సగంలో ఉన్న టొరెంట్లు అక్కడి నుంచే సాగాలంటే

ముందు ప్రశ్న క్లుప్తంగా. ఉబుంటు 22.04 తీసేసి 24.04 ఫ్రెష్‌గా వేశారు. పాత దాంట్లో క్యూబిట్‌టొరెంట్ అనే క్లయింట్ (టొరెంట్లు దించే ప్రోగ్రామ్), నలభైకి పైగా టొరెంట్లు, అందులో సగం పూర్తి కానివి. డాట్ కాన్ఫిగ్ లోపలి క్యూబిట్‌టొరెంట్ ఫోల్డర్‌ను బ్యాకప్ నుంచి తెచ్చి కొత్త హోమ్‌లో పెట్టారు. స్పీడ్ లిమిట్లు, కేటగిరీలు, పోర్టు నంబరు అన్నీ వచ్చాయి కానీ లిస్టు ఖాళీ. సగం దిగిన ఫైళ్లు రెండో డిస్కులో భద్రంగా ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి దించుకోవాలా అని అడిగారు.

అక్కర్లేదు. మీరు తెచ్చింది మూడింట్లో ఒకటి, అంతే. టొరెంట్ క్లయింట్‌లో మూడు వేర్వేరు సరుకులుంటాయి. సెట్టింగులు ఒకటి. ఏ టొరెంటు ఎంతవరకు వచ్చింది, ఏ ముక్కలు ఉన్నాయి, ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో పడుతున్నాయి అనే ఖాతా పుస్తకం రెండోది. సగం దిగిన ఫైళ్లు మూడోది. ఈ మూడింటినీ కలిపి ఉంచేది ఫోల్డర్ దారి, అంటే పాత్. ఆ దారి పాత సిస్టమ్‌లో ఎలా ఉందో కొత్త దాంట్లోనూ అక్షరం తేడా లేకుండా ఉంటే పని పది నిమిషాల్లో అయిపోతుంది. దారి మారితేనే తిప్పలన్నీ.

ఫోల్డర్ల పేర్లు, కమాండ్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లు మామూలుగా కనిపించవు, ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్ హెచ్ కొట్టండి.

క్యూబిట్‌టొరెంట్ ఖాతా పుస్తకం డాట్ కాన్ఫిగ్‌లో ఉండదు. హోమ్‌లో డాట్ లోకల్, అందులో షేర్, అందులో క్యూబిట్‌టొరెంట్, దాని లోపల బీటీ అండర్‌స్కోర్ బ్యాకప్ అనే ఫోల్డర్. మీ పాత హోమ్ బ్యాకప్‌లో వెతకాల్సింది దాన్ని. చాలా పాత వెర్షన్లలో షేర్‌కీ క్యూబిట్‌టొరెంట్‌కీ మధ్య డేటా అనే ఇంకో ఫోల్డర్ ఉండేది, మొదటి చోట దొరక్కపోతే అక్కడ చూడండి. ఫ్లాట్‌ప్యాక్‌గా (యాప్‌ను విడి పెట్టెలో ఉంచే ప్యాకేజీ) వేసి ఉంటే రెండూ అక్కడ ఉండవు. హోమ్‌లో డాట్ వార్, అందులో యాప్, అందులో ఓఆర్‌జీ డాట్ క్యూబిట్‌టొరెంట్ డాట్ క్యూబిట్‌టొరెంట్ అనే పొడవాటి పేరున్న ఫోల్డర్, దాని లోపల కాన్ఫిగ్, డేటా అని రెండు. పాతది ఫ్లాట్‌ప్యాక్, కొత్తది ఏపీటీతో (ఉబుంటు సొంత ప్యాకేజీ కమాండ్) వేసింది అయితే ఒకదాని లోపలి సరుకు తీసి రెండోదాని చోట పెడితే చాలు, ఫైళ్ల తీరు ఒకటే.

బీటీ బ్యాకప్ తెరిస్తే ఒక్కో టొరెంటుకు జంట ఫైళ్లు కనిపిస్తాయి. రెండింటి పేరూ 40 అక్షరాల హాష్ (ఆ టొరెంటు వేలిముద్ర లాంటి కోడ్), ఒకదాని చివర డాట్ టొరెంట్, ఇంకోదాని చివర డాట్ ఫాస్ట్‌రెజ్యూమ్. మ్యాగ్నెట్ లింకుతో మొదలుపెట్టి ఇంకా మెటాడేటా (ఫైళ్ల పేర్లు, ముక్కల వివరాలు) రానివాటికి ఫాస్ట్‌రెజ్యూమ్ ఒక్కటే ఉంటుంది, అది లోపం కాదు. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో రెజ్యూమ్ డేటాను (పైన చెప్పిన ఖాతా పుస్తకం) ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌కు మార్చి ఉంటే ఈ జంటలకు బదులు టొరెంట్స్ డాట్ డీబీ అనే ఒకే ఫైలు, బీటీ బ్యాకప్ పక్కనే ఉంటుంది. అప్పుడు దాన్ని తీసుకోవాలి.

పెట్టే పద్ధతి ఇది. కొత్త సిస్టమ్‌లో క్యూబిట్‌టొరెంట్‌ను ఒకసారి తెరిచి మూసేయండి, ఫోల్డర్లు అదే తయారు చేసుకుంటుంది. మూయడమంటే కిటికీ మూలన ఉన్న గుర్తు నొక్కడం కాదు. అలా చేస్తే చాలా సెట్టింగుల్లో అది ట్రేలోకి వెళ్లి నడుస్తూనే ఉంటుంది. ఫైల్ మెనూలో ఎగ్జిట్ కొట్టాలి, ఆ తర్వాత టెర్మినల్‌లో పీగ్రెప్ కమాండ్‌తో ఇంకా నడుస్తోందేమో చూసుకోవాలి. అది నడుస్తుండగా ఫైళ్లు పెడితే, మూసేటప్పుడు తన దగ్గరున్న సెట్టింగులను మీ ఫైళ్ల మీద రాసిపడేస్తుంది. మూసేశాక బీటీ బ్యాకప్ మొత్తాన్ని, డాట్ కాన్ఫిగ్‌లోని ఫోల్డర్‌ను పెట్టండి. కేటగిరీలు, ఆర్ఎస్ఎస్ రూల్స్, వాచ్ చేసే ఫోల్డర్ల వివరాలు ఈ రెండో దాంట్లోనే వస్తాయి. దాంట్లో లాక్‌ఫైల్, ఐపీసీ సాకెట్ అనేవి కూడా వచ్చి ఉంటే తీసేయండి. పాత మెషీన్ పేరుతో ఉన్న లాక్‌ఫైల్ మిగిలిపోతే, ఏ ఎర్రర్ చూపకుండా ప్రోగ్రామ్ తెరుచుకోకపోవచ్చు. ఐకాన్ నొక్కినా ఏమీ రావట్లేదని చాలామంది ప్రోగ్రామ్‌నే తీసేసి మళ్లీ వేస్తారు. దాంతో హోమ్‌లోని లాక్‌ఫైల్ కదలదు, ఫలితమూ మారదు.

తెరిచే ముందు రెండో డిస్కు మౌంట్ అయిందా (ఒక ఫోల్డర్ దారిలో సిస్టమ్‌కు కలిసిందా), పాత దారిలోనే మౌంట్ అయిందా చూడండి. అసలు ప్రమాదం ఇక్కడుంది. డిస్కు లేనప్పుడు క్లయింట్ తెరిస్తే మంచి సందర్భంలో టొరెంట్లన్నీ ఎర్రగా మిస్సింగ్ ఫైల్స్ అని నిలబడతాయి. చెడ్డ సందర్భంలో, ఆ దారి పేరుతో మీ రూట్ డిస్కులోనే (సిస్టమ్ ఉన్న డిస్కు) కొత్త ఫోల్డర్ పుట్టి అందులోకి సున్నా నుంచి దిగడం మొదలవుతుంది. గంటలో రూట్ నిండిపోతుంది, లాగిన్ కూడా మొరాయిస్తుంది. తర్వాత డిస్కు మౌంట్ చేస్తే ఆ చెత్త దాని కింద దాక్కుంటుంది, స్థలం ఎటు పోయిందో అర్థం కాదు. అలా అయిందనిపిస్తే డిస్కు అన్‌మౌంట్ చేసి ఆ ఫోల్డర్ లోపల చూడండి.

దారి మారే చోట్లు తెలిసుంటే మేలు. ఉబుంటు, డెబియన్‌లలో ఫైల్ మేనేజర్ నుంచి క్లిక్ చేసిన డ్రైవ్ మీడియా ఫోల్డర్ కింద, మీ యూజర్ పేరు కింద వస్తుంది. ఫెడోరా, ఆర్చ్‌లలో రన్ కింద మీడియా కింద వస్తుంది. డిస్ట్రో (లైనక్స్ రకం) మారిస్తే దారి మారినట్టే. దీనికి శాశ్వత మందు ఎఫ్ఎస్‌ట్యాబ్, అంటే ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలు. బీఎల్‌కేఐడీ కమాండ్‌తో పార్టిషన్ యూయూఐడీ (దాని గుర్తింపు కోడ్) తీసుకుని, పాత దారినే మౌంట్ పాయింట్‌గా రాసి, ఆప్షన్లలో నోఫెయిల్ చేర్చండి. నోఫెయిల్ లేకపోతే డ్రైవ్ ఊడిన రోజు బూట్ మధ్యలో ఎమర్జెన్సీ మోడ్‌కు పోతుంది. రాశాక రీబూట్ చేసేలోగా మౌంట్ హైఫన్ ఏ కొట్టి తప్పులున్నాయేమో చూసుకోండి.

డిస్కు ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫార్మాట్) అయి, అదే మెషీన్లో విండోస్ కూడా ఉంటే ఇంకో చిక్కు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది సగం హైబర్నేషనే. ఆ పార్టిషన్ లైనక్స్‌లో రీడ్ ఓన్లీగా వస్తుంది, క్లయింట్ అన్ని టొరెంట్లకూ ఎర్రర్ చూపిస్తుంది. విండోస్‌లోకి వెళ్లి ఆ ఆప్షన్ తీసేసి పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. టొరెంట్ సెట్టింగుల్లో ఎంత వెతికినా దీనికి జవాబు దొరకదు.

ఇక యూజర్ పేరు. పాత సిస్టమ్‌లో రవి, కొత్త దాంట్లో రవితేజ అని పెట్టారనుకోండి. డౌన్‌లోడ్లు హోమ్‌లో ఉంటే ప్రతి ఫాస్ట్‌రెజ్యూమ్ ఫైల్లోనూ పాత దారే రాసి ఉంటుంది. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో మార్చేద్దామని అందరికీ తోస్తుంది. సెడ్ కమాండ్‌తో ఒక్క లైనులో అయిపోతుందని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. చేయకండి. ఈ ఫైళ్లు బీఎన్‌కోడ్ అనే పద్ధతిలో ఉంటాయి. ప్రతి మాటకూ ముందు దాని పొడవు అంకెలో, తర్వాత కోలన్, తర్వాత మాట. సేవ్ అండర్‌స్కోర్ పాత్ అనే మాట ముందు 9 ఉంటుంది, అది తొమ్మిది అక్షరాలు కాబట్టి. దాని వెంటనే 20, కోలన్, ఆపైన స్లాష్ హోమ్ స్లాష్ రవి స్లాష్ డౌన్‌లోడ్స్. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి లెక్కపెడితే స్లాష్‌లతో కలిపి సరిగ్గా 20. పేరు రవితేజ అయితే నాలుగు అక్షరాలు పెరిగి 24 అవుతుంది. సెడ్ పేరు మారుస్తుంది గానీ ముందున్న 20ని మార్చదు. చదివేటప్పుడు క్లయింట్ 20 దగ్గర ఆగి, మిగిలిన నాలుగు అక్షరాలు ఏమిటో తెలియక ఫైలు చెడిపోయిందని పక్కన పడేస్తుంది.

చేత్తో 24 చేసినా ఇంకో ముప్పు ఉంది. ఆ ఫైల్లో ఏ ముక్కలు వచ్చాయనే వివరం బైనరీగా ఉంటుంది. మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేస్తే ఆ బైట్లు మారిపోతాయి. పైగా ఆ అంకె లెక్కించేది బైట్లను. ఫోల్డర్‌కు తెలుగులో పేరు పెట్టుకున్నవాళ్లు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. సినిమాలు అన్న మాట కంటికి నాలుగు అక్షరాలే. గుణింతాలు విడిగా లెక్కకొస్తాయి కాబట్టి యూనికోడ్‌లో అది ఎనిమిది, ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 24. నాలుగు అని రాస్తే ఫైలు పాడైనట్టే. మార్చి తీరాలంటే పైథాన్‌లో బీఎన్‌కోడ్ లైబ్రరీతో చదివి, మార్చి, తిరిగి రాయించాలి. దానికీ ముందు ఫోల్డర్ కాపీ ఒకటి తీసి పెట్టుకోవాలి.

అంత అవసరం మాత్రం అరుదు. పాత దారి పేరుతో ఒక సింబాలిక్ లింక్ పెట్టండి: సుడో ఎల్ఎన్ హైఫన్ ఎస్, తర్వాత కొత్త హోమ్ దారి, తర్వాత పాత హోమ్ దారి. స్లాష్ హోమ్ స్లాష్ రవి అని అడిగినవాళ్లందరూ స్లాష్ హోమ్ స్లాష్ రవితేజకు చేరతారు. క్లయింట్ తేడా గమనించదు. అన్నీ పూర్తయ్యాక లింక్ తీసేయొచ్చు, ఉంచినా నష్టం లేదు. దారిని శాశ్వతంగా మార్చాలనుకుంటే టొరెంట్ మీద రైట్ క్లిక్ చేసి సెట్ లొకేషన్‌లో కొత్త దారి ఇచ్చి, తర్వాత ఫోర్స్ రీచెక్ (ఉన్న ముక్కలను మళ్లీ తనిఖీ) చేయండి. ఒకేసారి నలభై మీద చేయకుండా చిన్న టొరెంటు ఒకదాని మీద చేసి చూడండి. ఆటోమేటిక్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉన్న టొరెంట్లకు దారి కేటగిరీ నుంచి వస్తుంది. వాటికి కేటగిరీల జేసన్ ఫైల్లోనూ, డిఫాల్ట్ సేవ్ పాత్‌లోనూ సరిచేయాలి, అదీ క్లయింట్ మూసి ఉన్నప్పుడు.

అనుమతుల సంగతి. సాధారణంగా మొదటి యూజర్ నంబరు 1000. పాతదీ కొత్తదీ ఒక్క యూజర్ ఉన్న సిస్టమ్‌లే అయితే ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫార్మాట్) డిస్కు మీద ఫైళ్లు మీవిగానే కనిపిస్తాయి. లైవ్ యూఎస్‌బీ నుంచి రూట్ (నిర్వాహక) యూజర్‌గా కాపీ చేసి ఉంటే కొన్ని రూట్ పేరు మీద పడి ఉండొచ్చు. ఎల్ఎస్ హైఫన్ ఎల్ఎన్‌తో నంబర్లు చూసి, తేడా ఉంటే చోన్ (యజమానిని మార్చే కమాండ్) హైఫన్ పెద్ద ఆర్‌తో సరిచేయండి. పర్మిషన్ డినైడ్ వచ్చిందని 777 (అందరికీ అన్ని అనుమతులు) ఇవ్వడం మందు కాదు.

కాపీ చేసే తీరు మీద కూడా చాలా ఆధారపడుతుంది. సగం దిగిన ఫైళ్లు చాలావరకు స్పార్స్ ఫైళ్లు. ఎల్ఎస్‌లో 8 జీబీ అంటుంది, డీయూ కొడితే 2 జీబీయే. మిగతా 6 జీబీ ఖాళీ గుంతలు. ఆర్‌సింక్‌కు ఒక్క హైఫన్ ఏ మాత్రమే ఇస్తే ఆ గుంతలను సున్నాలతో నింపి నిజంగానే 8 జీబీ రాస్తుంది. పెద్ద ఎస్ కూడా ఇవ్వాలి. టార్‌కు కూడా అదే పెద్ద ఎస్. సీపీ హైఫన్ ఏ తనంతట తాను గుంతలను గుర్తిస్తుంది. 300 జీబీ సరుకు 500 జీబీ డ్రైవ్‌లో పట్టలేదంటే తొంభై పాళ్లు కారణం ఇదే. డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ అయితే స్పార్స్ అనే మాటే లేదు, యజమాని వివరాలూ నిలవవు. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలే పట్టదు. పేరులో కోలన్, ప్రశ్నార్థకం ఉన్న ఫైళ్లను ఈ రెండూ ఒప్పుకోవు, కాపీ మధ్యలో వాటిని వదిలేసి ముందుకు పోతుంది. చివర్లో వచ్చిన ఎర్రర్ లైన్లు చదవకుండా పాత డిస్కు ఫార్మాట్ కొట్టకండి. వీలైతే బ్యాకప్ డ్రైవ్‌కు ఈఎక్స్‌టీ4 వేయండి.

తెలుగు పేర్లకు సంబంధించిన మరో మెలిక ఉంది. ఈఎక్స్‌టీ4లో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగుకు ఒక్కోదానికి మూడు బైట్లు కాబట్టి, గుణింతాలు, వత్తులు కలిపి 85 దగ్గర ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ లెక్క బైట్లలో ఉండదు, అక్కడ ఇంతకు రెండు మూడు రెట్ల పొడవు పేరూ సరిపోతుంది. అలాంటి ఫైలును ఈఎక్స్‌టీ4కు తెస్తే ఫైల్ నేమ్ టూ లాంగ్ అని ఆగుతుంది. చేత్తో పేరు మారిస్తే టొరెంటు దాన్ని గుర్తించదు. క్లయింట్ లోపల కంటెంట్ ట్యాబ్‌లో రీనేమ్ చేసి, డిస్కు మీద కూడా అదే పేరు పెట్టి, రీచెక్ చేయాలి.

పూర్తికాని ఫైళ్లను మోసేటప్పుడు చుక్కతో మొదలై హాష్ పేరుతో, డాట్ పార్ట్స్ అని ముగిసే ఫైళ్లు కనిపిస్తే వదలకండి. టొరెంటులో కొన్ని ఫైళ్లు మాత్రమే టిక్ పెట్టి దించుకున్నప్పుడు, వద్దన్న ఫైలుతో సగం పంచుకున్న ముక్కలు అందులో ఉంటాయి. అది పోతే పెద్ద నష్టమేమీ లేదు, సరిహద్దు ముక్కలు మళ్లీ దిగుతాయి. కానీ 100 శాతం ఉన్న టొరెంటు రీచెక్ తర్వాత 99.8 చూపిస్తే కంగారు పడేవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు తెరవండి. అంతా సరిగా ఉంటే పాత శాతాలతోనే లిస్టు వస్తుంది. అనుమానం ఉన్నవాటికి ఫోర్స్ రీచెక్ చేయండి. అది ఫైలును మార్చదు, ప్రతి ముక్కనూ చదివి హాష్ సరిపోల్చుతుంది, అంతే. సమయం మొత్తం డిస్కు వేగం మీద. మామూలు హార్డ్ డిస్కు సెకనుకు 120 ఎంబీ చదివితే ఒక టీబీకి దాదాపు రెండుంపావు గంటలు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టినా త్వరగా కాదు, హెడ్ అటూ ఇటూ పరుగెత్తి ఇంకా నెమ్మదిస్తుంది. పాత సిస్టమ్ ఉన్నట్టుండి కూలిపోయినవాళ్లకు రీచెక్ తప్పదు. క్యూబిట్‌టొరెంట్ రెజ్యూమ్ వివరాలు మూసేటప్పుడు రాస్తుంది, మధ్యలో అయితే డిఫాల్ట్‌గా 60 నిమిషాలకోసారి. కరెంటు పోయిన చోట ఖాతా ఒక గంట వెనకబడి ఉండొచ్చు, ఫైళ్లు ముందుండొచ్చు.

లిస్టు వచ్చింది, శాతాలు సరే, కానీ ఒక్క పీరూ (ముక్కలు పంచే అవతలి యూజర్) కలవకుండా స్టాల్డ్ అంటుంటే అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ చూడండి. పాత సిస్టమ్‌లో ఏదైనా ఇంటర్‌ఫేస్‌కు కట్టేసి ఉంటే ఆ పేరు సెట్టింగులతో పాటే వచ్చింది. కొత్త సిస్టమ్‌లో ఆ కార్డు పేరు వేరేగా ఉన్నా, ఆ వీపీఎన్ ఇంకా వేయకపోయినా క్లయింట్ బయటికి వెళ్లలేదు. వీపీఎన్ కోసం కట్టుకున్నవాళ్లు దాన్ని ఎనీ అని మార్చేయకుండా ముందు వీపీఎన్ వేసుకోవడం మంచిది.

క్లయింట్ వెర్షన్ ఎప్పుడూ ముందుకే వెళ్లాలి. 22.04లో 4.4.1, 24.04లో 4.6.3 ఉంటాయి కాబట్టి మీకు ఇబ్బంది లేదు. పాత చోట ఐదో వెర్షన్ యాప్‌ఇమేజ్ (ఇన్‌స్టాల్ లేకుండా నడిచే ఒకే ఫైలు) వాడి, కొత్త చోట రిపాజిటరీలోని నాలుగు వేస్తే వెనక్కి వెళ్లినట్టు. అక్కడా అదే యాప్‌ఇమేజ్ వాడండి.

బీటీ బ్యాకప్ అసలు దొరక్కపోతే? అప్పుడూ దించింది పోదు. అవే డాట్ టొరెంట్ ఫైళ్లు లేదా మ్యాగ్నెట్ లింకులు మళ్లీ చేర్చండి, సేవ్ దారిగా సగం ఫైళ్లున్న ఫోల్డరే ఇవ్వండి, వెంటనే మొదలయ్యే టిక్ తీసేయండి, రీచెక్ చేయించి తర్వాత మొదలుపెట్టండి. చేర్చే కిటికీలో స్కిప్ హాష్ చెక్ అనే టిక్ ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. సగం ఫైళ్ల మీద అది పెడితే మొత్తం పూర్తయిందని నమ్మి, గుంతలున్న ఫైలును అందరికీ పంచబోతుంది. పాత సెట్టింగుల్లో పూర్తికాని ఫైళ్లకు క్యూబీ తోక చేర్చే ఆప్షన్ ఉండి ఉంటే, చేర్చే ముందే ఇక్కడా ఆన్ చేయండి. వేరే క్లయింట్‌కు మారుతుంటే ఆ తోకలను, ట్రాన్స్‌మిషన్ అయితే డాట్ పార్ట్ తోకను, రీనేమ్ చేసి తీసేయండి.

ట్రాన్స్‌మిషన్ వాడేవాళ్లకు పని ఇంకా తేలిక. డాట్ కాన్ఫిగ్‌లోని ట్రాన్స్‌మిషన్ ఫోల్డర్‌లోనే సెట్టింగ్స్ డాట్ జేసన్, టొరెంట్స్, రెజ్యూమ్ మూడూ ఉంటాయి, మొత్తం ఫోల్డర్ తెస్తే చాలు. ఇది ఫైలు మారిన సమయం కూడా చూస్తుంది, సమయం మారితే మళ్లీ తనిఖీకి దిగుతుంది. అందుకే ఫైల్ మేనేజర్‌లో లాగి వదలడం కన్నా సీపీ హైఫన్ ఏ నయం. దారి మారితే సెట్ లొకేషన్‌లో డేటా ఇప్పటికే అక్కడుంది అనే ఎంపిక ఎంచుకోండి. టెర్మినల్‌లో అయితే ట్రాన్స్‌మిషన్ రిమోట్‌కు ఫైండ్ ఇవ్వాలి, మూవ్ కాదు.

ట్రాన్స్‌మిషన్‌ను డెమన్‌గా (కిటికీ లేకుండా వెనక నడిచే సర్వీసుగా) నడిపితే కథ వేరు. డెబియన్, ఉబుంటులలో సెట్టింగులు ఈటీసీ కింద, ఖాతా వార్ కింద లిబ్‌లో ట్రాన్స్‌మిషన్ డెమన్ ఫోల్డర్‌లో ఉంటాయి. హోమ్ మాత్రమే బ్యాకప్ తీసినవాళ్లు ఇక్కడే నష్టపోతారు. సిస్టమ్‌సీటీఎల్‌తో ఆపకుండా జేసన్ మారిస్తే, ఆగేటప్పుడు పాతవి తిరిగి రాసేస్తుంది. అది డెబియన్ ట్రాన్స్‌మిషన్ అనే యూజర్‌గా నడుస్తుంది, ఆ యూజర్ నంబరు కొత్త సిస్టమ్‌లో మారి ఉండొచ్చు, చోన్ చేయండి. ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్ ఫోల్డర్లకు 750 అనుమతులే కాబట్టి ఆ యూజర్ మీ హోమ్‌లోకి అడుగే పెట్టలేడు. డౌన్‌లోడ్లను ఎస్ఆర్‌వీ కిందకో, విడి డిస్కు మీదకో మార్చడమే తిన్నని దారి.

డెల్యూజ్ అనే మరో క్లయింట్‌కు డాట్ కాన్ఫిగ్‌లోని డెల్యూజ్ ఫోల్డర్ మొత్తం. లోపలి స్టేట్ ఫోల్డర్‌లో టొరెంట్స్ డాట్ స్టేట్, టొరెంట్స్ డాట్ ఫాస్ట్‌రెజ్యూమ్ ఉంటాయి. లిస్టు ఖాళీగా వస్తే అక్కడే డాట్ బ్యాక్ తోకతో ఉన్న కాపీలను అసలు పేరుకు మార్చి చూడండి.

మీ విషయంలో ఇప్పుడు చేయాల్సింది: క్లయింట్ మూసేయండి, బ్యాకప్ డ్రైవ్‌లో బీటీ బ్యాకప్ వెతకండి, రెండో డిస్కు పాత దారిలోనే మౌంట్ చేసి ఆ తర్వాతే తెరవండి. అప్పటికీ మిస్సింగ్ ఫైల్స్ వస్తే ఒక టొరెంట్ జనరల్ ట్యాబ్‌లో చూపించే సేవ్ పాత్, ఫైల్ మేనేజర్‌లో కనిపించే అసలు దారి, రెండూ ఇక్కడ పెట్టండి.